షెమిటా: ఏడో ఏట భూమికి సెలవు, అప్పుకు మాఫీ

కోల్‌కతా యూదులది ప్రధానంగా వ్యాపారుల సమాజం. 1798లో సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన షాలోమ్ కోహెన్‌తో అది మొదలైంది. బాగ్దాద్ నుంచి వచ్చిన కుటుంబాలతో పెరిగింది. 1884లో కట్టిన మాఘెన్ డేవిడ్ ప్రార్థనా మందిరం ఆనాటి సంపదకు గుర్తు. ఇప్పుడు నగరంలో మిగిలింది అతి కొద్దిమందే. పొలాలకు సెలవివ్వమనే యూదు ధర్మశాస్త్రానికి, ఇలాంటి వర్తక సమాజానికి సంబంధం ఏమిటి?

భూమికి విశ్రాంతి

హీబ్రూలో ‘షెమిటా’ అంటే వదిలేయడం. ఆరేళ్లు సాగు చేసిన నేలను ఏడో ఏట బీడుగా ఉంచాలి. విత్తనం వేయకూడదు, ద్రాక్షతీగల కొమ్మలు కత్తిరించకూడదు. దానంతటదే పండింది యజమాని ఒక్కడి సొత్తు కాదు. పేదలు, కూలీలు, పశువులు కూడా తినవచ్చు. ‘మరి మేమేం తినాలి?’ అనే రైతు ప్రశ్నను లేవీయకాండం 25వ అధ్యాయమే లేవనెత్తుతుంది. ఆరో ఏటి పంట మూడేళ్లకు సరిపోతుందని హామీ ఇస్తుంది. భూమి దేవుడిది, మనిషి అక్కడ అతిథి మాత్రమే అన్నది దీని వెనుక ఉన్న భావన.

ఈ సాగు నియమాలు ఇజ్రాయెల్ నేలకే పరిమితం. కోల్‌కతాకే కాదు, గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిం తెలుగు కుటుంబాలు పనిచేసే పొలాలకూ వర్తించవు.

అప్పుకు విడుదల

రెండో భాగం మాత్రం ఎక్కడున్నా వర్తిస్తుంది. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ప్రకారం ఏడో ఏడు ముగిసేసరికి తోటి యూదుల బాకీలు రద్దవుతాయి. గడువు దగ్గరపడిందని పేదవాడికి అప్పు నిరాకరించడం పాపమని కూడా అదే అధ్యాయం హెచ్చరిస్తుంది. వడ్డీ సంగతి అటుంచి అసలే పోయే నియమం ఇది. పెట్టుబడితో బతికే వర్తకుడికి షెమిటా ఇక్కడే తగులుతుంది.

ఆచరణలో ఆ నమ్మకం నిలవలేదు. రాబోయే మాఫీకి భయపడి జనం అప్పులివ్వడం మానేశారు. దాంతో సుమారు రెండు వేల ఏళ్ల క్రితం హిల్లేల్ అనే పండితుడు ‘ప్రొజ్బుల్’ అనే పత్రాన్ని ప్రవేశపెట్టాడు. బాకీల వసూలును ధర్మపీఠానికి అప్పగించే ఈ పత్రం ఉంటే అప్పు రద్దు కాదు. ఇచ్చినవాడికి రక్షణ దొరికింది, పేదవాడికి అప్పు పుట్టింది.

సాగు విషయంలోనూ ఇలాంటి వెసులుబాటే వచ్చింది. 1888-89 షెమిటాలో భూమిని తాత్కాలికంగా యూదేతరులకు అమ్మి సాగు కొనసాగించేందుకు కొందరు రబ్బీలు అనుమతించారు. అది సరైనదేనా అన్న వాదన నేటికీ ఆగలేదు. గత షెమిటా 2022 సెప్టెంబరులో ముగిసింది. తర్వాతిది 2028 సెప్టెంబరులో మొదలవుతుంది.