స్వామి జ్ఞానానంద: కణాల దారిని కొలిచిన పరికరాల చరిత్ర

పరిచయం

విజ్ఞానశాస్త్ర చరిత్రను సిద్ధాంతకర్తల చరిత్రగా చదవడం మనకు అలవాటు. కాని కంటికి కనిపించని కణం ఏ దారిన పోయిందో చెప్పే పరికరం లేనిదే సిద్ధాంతం నిజమో కాదో తేలదు. అటువంటి పరికరాలతో పనిచేసిన గోదావరి డెల్టా శాస్త్రవేత్త ఒకరిని ఈ భాగంలో పరిశీలిద్దాం.

జీవిత విశేషాలు

స్వామి జ్ఞానానంద 1896లో భీమవరం సమీపంలోని గొరగనమూడిలో జన్మించారు. పూర్వాశ్రమంలో ఆయన పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. సన్యాసిగా హిమాలయాల్లో గడిపిన తరువాత 1927లో తన ఆధ్యాత్మిక గ్రంథం అచ్చు వేయించడానికి జర్మనీ వెళ్లారు. ఐరోపాలో ఆయన దృష్టి భౌతికశాస్త్రం వైపు మళ్లింది. ప్రేగ్‌లో ఎక్స్ కిరణాలపై, ఆపైన లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్ వద్ద బీటా కిరణాలపై పరిశోధించారు. స్వతంత్ర భారతంలో మొదట ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక విభాగానికి పునాది వేశారు. 1969లో మరణించారు.

పరికరం, దాని చిక్కు

బీటా స్పెక్ట్రోమీటర్ సూత్రం సులభం. రేడియోధార్మిక పదార్థం నుంచి వెలువడిన ఎలక్ట్రాన్ అయస్కాంత క్షేత్రంలో వంగుతుంది. ద్రవ్యవేగం తక్కువైతే ఎక్కువగా, ఎక్కువైతే తక్కువగా వంగుతుంది. ఆ వంపును కొలిస్తే ద్రవ్యవేగం తెలుస్తుంది. అయితే దారిలో గాలి ఉంటే ఎలక్ట్రాన్ అణువులను తాకి చెదిరిపోతుంది, కొలత చెడుతుంది. కాబట్టి పరికరం లోపల శూన్యం కావాలి. జ్ఞానానంద 1947లో అధిక శూన్యం సాధించే పద్ధతులపైనే ఒక ఆంగ్ల గ్రంథం ప్రచురించారన్నది ఇక్కడ గమనించదగ్గ విషయం.

సిలికాన్ యుగం

1980 ప్రాంతంలో సెర్న్‌లో సన్నని పట్టీలుగా విభజించిన సిలికాన్ పలకలు కణ ప్రయోగాల్లోకి వచ్చాయి. ఆవేశం గల కణం పలకను దాటినప్పుడు ఎలక్ట్రాన్–రంధ్ర జంటలు ఏర్పడతాయి. ఏ పట్టీలో సంకేతం వచ్చిందో చూసి కణం దాటిన చోటును మైక్రాన్లలో చెప్పవచ్చు. 1995లో అమెరికాలోని ఫెర్మీ ల్యాబ్ టాప్ క్వార్క్‌ను ప్రకటించినప్పుడు సీడీఎఫ్ ప్రయోగానికి ఈ సిలికాన్ డిటెక్టర్ ఎంతో తోడ్పడింది. నేటి సీఎంఎస్ ప్రయోగంలో సుమారు 200 చదరపు మీటర్ల సిలికాన్ 3.8 టెస్లా అయస్కాంత క్షేత్రంలో పనిచేస్తోంది.

పాత చిక్కు మాత్రం పోలేదు. దారిని చూపే సిలికాన్, దాన్ని మోసే ఆధారాలు, తీగలు, శీతలీకరణ గొట్టాలు కూడా కణాన్ని కొంత చెదరగొడతాయి. పొరలు పెంచితే ఎక్కువ బిందువులు దొరుకుతాయి, కాని పదార్థమూ పెరుగుతుంది. దీనికి తోడు వికిరణం వల్ల సిలికాన్ క్రమంగా దెబ్బతింటుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచుతారు.

ముగింపు

జ్ఞానానంద పరిశోధన నుంచే సిలికాన్ డిటెక్టర్లు పుట్టాయని అనడం చరిత్ర కాదు. కొలిచే సాధనం కొలతను చెడగొట్టకుండా చూడటమన్న సమస్య మాత్రం రెండు తరాలకూ ఒక్కటే. ప్రాంతీయ గర్వంతో కాక ఈ దృష్టితో చూసినప్పుడే ఆయన కృషి విలువ సరిగా తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

బీటా స్పెక్ట్రోమీటర్‌లో గాలి, సిలికాన్ ట్రాకర్‌లో పదార్థం కొలతపై చూపే ప్రభావాన్ని పోల్చి వివరించండి.