మైదానంలో నేను చూడని ఘట్టం

ఎం.ఏ. చదివే రోజుల్లో చలం 'మైదానం' మీద పది పేజీల వ్యాసం రాశాను. స్వేచ్ఛా ప్రణయం, ప్రకృతి, సంప్రదాయ వివాహం మీద తిరుగుబాటు – అన్నీ ఉన్నాయందులో. ప్లీడరు ఇల్లు విడిచివచ్చిన రాజేశ్వరిని, ఆమె ఎవరికోసం వచ్చిందో ఆ అమీరే గర్భం తీయించుకోమని పట్టుబట్టే ఘట్టం మాత్రం లేదు. మార్కులు బాగానే వచ్చాయి.

ఆ లోపం ఏ విమర్శకుడూ ఎత్తిచూపలేదు. చూపింది మా అమ్మ.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసిన ఆడవాళ్లలో ఆమె ఒకతె. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతుంటే, పల్చటి బియ్యపు పిండిలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగాలి. ఆలస్యమైతే రేకు మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మ వేళ్ల మీద మచ్చలు అంతకు చాలా ముందే వచ్చాయి.

పోయిన ఎండాకాలం ఆ నవలను మళ్లీ చదువుతున్నాను. పంతులుద్యోగం వల్ల పైకి చదివే అలవాటు. గుమ్మంలో కూర్చుని అమ్మ వింటోందని గమనించి, సిగ్గుపడి ఆపబోతే కానీయమంది. ఆ ఘట్టం దగ్గర తనే ఆపింది.

"మరి ఇక్కడికొచ్చి ఏం బావుకుందిరా?"

కాసేపాగి చెప్పింది. మా చెల్లెలి తర్వాత మళ్లీ నెల తప్పితే రాజమండ్రి తీసుకెళ్లారట. కావాలా వద్దా అని తననెవరూ అడగలేదట. కాగితం మీద వేలిముద్ర వేయించారట. గర్భస్రావ చట్టం 1971లో వచ్చింది. స్త్రీ అంగీకారం లేనిదే చేయరాదన్నది అందులోని నియమం. ఇది జరిగింది ఆ తర్వాత పదేళ్లకు పైనే. వేలిముద్ర ఉంది గనుక, కాగితాల ప్రకారం మా అమ్మ అంగీకరించినట్టే.

రాజమండ్రి అనగానే నాకు పాఠం గుర్తొస్తుంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం అక్కడ మొదటి వితంతు వివాహం జరిపించారు. ఎవరు అడ్డుపడ్డారో, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం ఎలా చేశారో పిల్లలకు ఏటా చెబుతాను. పెళ్లికూతురు గౌరమ్మ ఏమనుకుందన్న ప్రశ్న ఒక్క పరీక్షలోనూ ఇవ్వలేదు. కందుకూరి సాహసాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. ఆ పెళ్లి లేకపోతే తర్వాతి అడుగే లేదు. అయితే ఆ చరిత్రను మనం సంస్కర్త గొంతుతోనే వింటూ వచ్చాం. 'కన్యాశుల్కం'లో కూడా బుచ్చమ్మ కన్నా గిరీశమే ఎక్కువ మాట్లాడతాడు.

1927లో వచ్చిన 'మైదానం'లో కథ చెప్పేది రాజేశ్వరి. చలం కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి ప్రభావంలో బ్రహ్మసమాజం వైపు వెళ్లి, ఆ తర్వాత దానినీ దాటి వచ్చినవాడు. పాఠశాలల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసినవాడు, అంటే మా శాఖవాడే! సంస్కర్తల తరం స్త్రీకి భర్తను వెతికిపెడితే, భర్త దగ్గరి నుంచి వెళ్లిపోయిన స్త్రీ చేత ఇతను 'నేను' అనిపించాడు. రాసింది పురుషుడే, కాదనను.

సంప్రదాయవాదులు దీన్ని బూతు అన్నారు. మన అభ్యుదయ విమర్శలో వినిపించిన అభ్యంతరం వేరు: ఆ మైదానంలో నాగలి లేదు, కూలి లేదు, ఇది వ్యక్తివాదం అని. నేనూ తరగతిలో అలాగే చెప్పాను. అందులో నిజం లేకపోలేదు. కాని ఆ ఒక్కమాటతో పుస్తకం మూసేశాం. తిట్టినవాళ్లూ మెచ్చినవాళ్లూ కూడా రాజేశ్వరి కోరిక గురించే వాదించుకున్నారు. ఇల్లు మారినా, మగవాడు మారినా, ఆమె గర్భం మీద అధికారం ఆమెది కాకపోవడం వాదనలోకి రాలేదు. కూలిరేట్ల గురించి వ్యాసాలు రాసిన నేను, రేకులు తీసి ఇంటికి కూలి తెచ్చిన మా అమ్మకు ఆ అధికారం ఎందుకు రాలేదని ఆలోచించలేదు. ఆర్థిక స్వాతంత్ర్యం వస్తే తక్కినవి వాటంతటవే వస్తాయని రాసేటప్పుడు నా ఇల్లు నాకు గుర్తు రాలేదు.

చలంతోనూ నాకు పేచీ ఉంది. అమీర్ మొండితనాన్ని రాజేశ్వరి భరించడాన్ని అతడు ప్రేమగా చూపిస్తాడు. అమ్మను అడిగితే "ప్రేమేంటి, భయం" అంది. ఇదంతా రాస్తానంటే, "రాయి, పేరు పెట్టకు" అంది. ఆ పాత వ్యాసాన్ని ఈసారి ఆ ఘట్టం నుంచి మొదలుపెట్టి తిరిగి రాస్తున్నాను.