ఈసీఐఎల్‌కు ఒకే పెద్ద గిరాకీ

కర్నూలు జిల్లాలో కొన్ని పల్లెలు హైదరాబాద్‌ దూరదర్శన్ కేంద్రం రావడానికి రెండేళ్లు ముందే టీవీ చూశాయి. హైదరాబాద్‌ కేంద్రం ప్రసారాలు 1977 అక్టోబర్‌లో మొదలైతే, ఈ పల్లెల్లో టీవీ బొమ్మ 1975 ఆగస్టు 1నే కనిపించింది. ఊళ్లో ఉన్నవాళ్లెవరూ కొన్న పెట్టె కాదది. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో ప్రభుత్వం పెట్టించింది. పక్కనే కోళ్లగూడుకు కట్టే తీగవలతో చేసిన, పదడుగుల వెడల్పున్న గుండ్రటి యాంటెన్నా. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి అది నేరుగా సంకేతాలు అందుకునేది. 'సైట్' అనే ఆ ప్రయోగం సరిగ్గా ఏడాది నడిచింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలు అందులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్‌లతో పాటు కర్నూలు జిల్లానూ ఎంచుకున్నారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి.

యాంటెన్నాను అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం రూపొందించింది. టీవీ పెట్టెలు చేసింది మాత్రం హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్. కుషాయిగూడ దగ్గర బస్సు కండక్టర్లు ఈనాటికీ 'ఈసీఐఎల్' అని కేకేసి దింపే చౌరస్తాకు పేరిచ్చిన కంపెనీ ఇదే. తెలుగు నేల మీద పుట్టిన ఎలక్ట్రానిక్ యంత్రాల సంస్థల్లో దీని చరిత్ర అన్నిటికంటే విచిత్రమైనది. దేశంలో తొలి తరం కంప్యూటర్లు అమ్మింది, ఇంటింటికీ టీవీలు అమ్మింది, ఆ రెండు వ్యాపారాల్లోనూ నిలవలేకపోయింది. అణు రియాక్టర్ల నియంత్రణ పరికరాల్లో, ఓటింగ్ యంత్రాల్లో మాత్రం ఇప్పటికీ దానిదే పేరు. ఎక్కడ గెలిచింది, ఎక్కడ ఓడింది అన్నది చూస్తే ఇంజినీర్ల ప్రతిభతో దానికి పెద్దగా సంబంధం కనిపించదు. కొనేవాడెవడు, ఎన్ని కొంటాడు, పాడైతే ఎవరి దగ్గరికెళ్తాడు అన్న ప్రశ్నల చుట్టూనే కథంతా తిరుగుతుంది.

కంపెనీకి మూలపురుషుడు అయ్యగారి సాంబశివరావు. ఎ.ఎస్.రావు అంటే అందరికీ తెలుస్తుంది. 1914లో పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టాడు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లొచ్చి, హోమీ భాభా బృందంలో చేరాడు. 1956లో ట్రాంబేలో 'అప్సర' రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టినప్పుడు దాని నియంత్రణ ఎలక్ట్రానిక్స్ తయారుచేసింది ఆయన విభాగమే. విదేశాల నుంచి తెప్పించుకోవలసిన పరికరాలను ఒక్కొక్కటిగా ఇక్కడే చేస్తూ పోతే, ఆ విభాగం చివరికి చిన్న కర్మాగారమంత అయింది. ప్రయోగశాలలో అంత ఉత్పత్తి కుదరదు. అందుకని అణుశక్తి శాఖ కింద 1967 ఏప్రిల్ 11న ఈసీఐఎల్ పుట్టింది. భాభా అప్పటికి ఏడాది కిందటే విమాన ప్రమాదంలో పోయాడు.

కంపెనీ స్వభావం ఆ పుట్టుకలోనే ఉంది. అప్పటిదాకా ఆ ఇంజినీర్లకు గిరాకీ ఒకటే, అణుశక్తి శాఖ. ఏం కావాలో ఆ శాఖకు కచ్చితంగా తెలుసు. ధర తర్వాతి మాట. నమ్మకంగా పనిచేయడం ముఖ్యం. ఏడాది ఆలస్యమైనా ఓపిక పడుతుంది, ఎందుకంటే ఇంకో దారి లేదు. ఇలాంటి గిరాకీతో పనిచేసిన ఇంజినీరుకు అన్నీ సొంతంగా చేయాలన్న పట్టుదల వస్తుంది. ఈసీఐఎల్ యంత్రాలే కాదు, వాటిలోకి కావలసిన రెసిస్టర్లు, కెపాసిటర్లు కూడా తానే చేసుకుంది. విదేశీ మారకద్రవ్యం కటకటగా ఉన్న ఆ రోజుల్లో అది తెలివైన నిర్ణయమే. పదిహేనేళ్ల తర్వాత అదే మెడకు చుట్టుకుంది.

కంప్యూటర్ల సంగతి చూద్దాం. ట్రాంబేలో రూపొందించిన టీడీసీ-12ను ఈసీఐఎల్ 1969లో బయటికి తెచ్చింది. దేశంలో తయారై అమ్మకానికొచ్చిన మొదటి డిజిటల్ కంప్యూటర్ అది. దాని తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. దేశమంతా అప్పుడు ఐబీఎం రాజ్యం. ఐబీఎం యంత్రాన్ని అమ్మడం కంటే ఎక్కువగా అద్దెకిచ్చేది, తన మనుషులే వచ్చి చూసుకునేవారు. కొన్నవాడికి యంత్రం లోపల ఏముందో తెలియనక్కర్లేదు. దానితో పోటీపడవలసిన ఈసీఐఎల్ 1971 నుంచి 1978 దాకా అమ్మిన కంప్యూటర్లు వంద లోపే. కొన్నవాళ్లలో ఎక్కువమంది ప్రభుత్వ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు. బ్యాంకులకు, మిల్లులకు, జీతాల లెక్కలకు కంప్యూటర్ కావాలనుకునే వాళ్లు దాని దగ్గరికి రాలేదు. వాళ్లకు కావలసింది ప్రింటరు, టేపు, జాబితాలు తీసే ప్రోగ్రాములు. ఈసీఐఎల్ దగ్గర మంచి కేంద్ర యూనిట్ ఉండేది. చుట్టూ ఉండవలసిన సరంజామా దగ్గరే ఇబ్బంది.

ఇక్కడ కర్నూలు జిల్లాలోని ఎమ్మిగనూరు గుర్తొస్తే తప్పు లేదు. 1938లో మాచాని సోమప్ప అక్కడ నేతగాళ్ల సహకార సంఘం పెట్టినప్పుడు మగ్గం నేయడం నేతగాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నూలు కొనడం, బట్ట అమ్మడం నేతగాడి తల మీది నుంచి దించి సంఘం భుజాన వేసుకోవడమే అసలు పని. ఆ సేవకు ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. కుషాయిగూడలో ఇంజినీర్లకు కంప్యూటర్ చేయడం వచ్చు. అమ్మకం, సర్వీసు ఎవరి భుజాన అన్నదానికే సరైన జవాబు దొరకలేదు.

1978 జూన్ 1న ఐబీఎం దేశం విడిచి వెళ్లిపోయింది. విదేశీ వాటా నలభై శాతానికి తగ్గించుకోవాలన్న ఫెరా చట్టం షరతుకు ఒప్పుకోలేదు. మైదానం ఖాళీ అయింది. ప్రభుత్వ రంగంలో ఉన్న ఈసీఐఎల్‌కే పట్టం కడతారని అనుకున్నవాళ్లు తక్కువేం కాదు. అలా జరగలేదు. ఐబీఎం వదిలిపోయిన యంత్రాల మరమ్మతు సీఎంసీ అనే మరో ప్రభుత్వ కంపెనీకి వెళ్లింది. చిన్న కంప్యూటర్లు చేసే లైసెన్సులు హెచ్‌సీఎల్, డీసీఎం వంటి ప్రైవేటు కంపెనీలకు వచ్చాయి. వాళ్లు మైక్రోప్రాసెసర్‌ను బయట కొని, చుట్టూ పెట్టె కట్టి, అకౌంట్ల ప్రోగ్రాముతో సహా గుమ్మం ముందు దించేవారు. ఈసీఐఎల్ 'మైక్రో-78' చేసింది గానీ అప్పటికే ఆట మారిపోయింది. 1984 నవంబర్ కంప్యూటర్ విధానం దిగుమతి సుంకాలు తగ్గించాక అన్నీ సొంతంగా చేసుకునే కంపెనీకి లాభం కంటే భారమే మిగిలింది.

టీవీ కథ ఇంకా బాధాకరం, ఎందుకంటే అందులో కంపెనీ నిజంగానే గెలిచింది. 1970లలో 'ఈసీ టీవీ' అంటే పరువు. వాల్వులు లేని, ట్రాన్సిస్టర్లతో నడిచే టీవీని దేశంలో ముందుగా తెచ్చిన కంపెనీల్లో ఈసీఐఎల్ ఒకటి. 'సైట్' ప్రయోగం దానికి ఒక రకంగా పరీక్ష. ఎండకు, దుమ్ముకు, ఎగుడుదిగుడు కరెంటుకు తట్టుకోవాలి. మెకానిక్కు లేని ఊళ్లో పనిచేయాలి. ఆ ఏడాది అందుకు తగ్గ ఏర్పాటే చేశారు: గ్రామాల గుంపుకొక మరమ్మతు కేంద్రం, తిరగడానికి జీపు, శిక్షణ ఉన్న టెక్నీషియన్లు, పెట్టెను చూసుకోవడానికి ఊళ్లో ఒక మనిషి. రాయలసీమ ఎండలో కూడా పెట్టెలు నడిచాయి. సర్వీసు ఖర్చును ఎవరూ పెట్టె ధరలో కలిపి చూడలేదు గనక అది కనిపించలేదు. మళ్లీ అదే సంగతి: ఒకే గిరాకీ, సర్కారు.

1982 వేసవి తర్వాత బజారు తలకిందులైంది. ఢిల్లీ ఏషియాడ్ కోసం ఆగస్టు 15 నుంచి రంగుల ప్రసారాలు వచ్చాయి. విడిభాగాల కిట్లు విదేశాల నుంచి తెప్పించుకుని బిగించుకోవడానికి ప్రభుత్వం అనుమతించింది. పిక్చర్ ట్యూబూ, కిట్టూ, ఒక షెడ్డూ, పదిమంది పనివాళ్లూ ఉంటే చాలు, టీవీ కంపెనీ అయిపోయింది. ఎన్ని పేర్లు పుట్టుకొచ్చాయో, ఎన్ని అంతే వేగంగా మాయమయ్యాయో లెక్కపెట్టడం కష్టం. తర్వాత రెండేళ్లలో ట్రాన్స్‌మిటర్లు వరసగా లేచాయి. ఆదోని లాంటి పత్తి వ్యాపారపు పట్నంలో డబ్బున్న ఇల్లు టీవీ కొనాలనుకుంటే దుకాణదారు మొదట చూపించేది తనకు ఎక్కువ కమిషన్ మిగిల్చే పెట్టెనే. పండగకు తగ్గింపు, వాయిదాల మీద అమ్మకం, సినిమా తారల ప్రకటనలు వచ్చాయి. ఈసీఐఎల్ ధరను దాని ఖర్చు నిర్ణయించేది. పోటీ కంపెనీ ధరను పక్క దుకాణం నిర్ణయించేది. ప్రభుత్వరంగ కంపెనీలో ధర తగ్గించాలన్నా, డీలరుకు కొంచెం ఎక్కువ ఇవ్వాలన్నా ఫైలు కదలాలి. కొత్త మోడలు బొమ్మ గీసి బజారుకు తెచ్చేలోపు బజారు మళ్లీ మారుతుంది. రామాయణం సీరియల్ 1987 జనవరిలో మొదలై దేశమంతా టీవీలు కొన్న రోజుల్లో లాభం మూటగట్టుకున్నది ప్రైవేటు బ్రాండ్లే. కొన్నేళ్లకు ఈసీ టీవీ దుకాణాల నుంచి తప్పుకుంది. పెట్టె చెడ్డదని ఎవరూ అనలేదు, అదే విచిత్రం.

దీన్ని ఎ.ఎస్.రావు తప్పుగా చూపించడం సబబు కాదు. ఆయన కోరుకున్నది దేశంలో ఎలక్ట్రానిక్స్ పనితనం పుట్టించడం. ఆ పని మాత్రం జరిగింది. కంపెనీలో పనినేర్చిన చాలామంది బయటికొచ్చి చర్లపల్లి, నాచారం, కుషాయిగూడ చుట్టుపక్కల సొంత యూనిట్లు పెట్టుకున్నారు. లాభనష్టాల పట్టికలో ఇది ఎక్కదు. కాబట్టి ఈసీఐఎల్‌ను కేవలం ఓడిన కంపెనీగా రాసేవాళ్లు కొంత లెక్క మరిచిపోతున్నట్టే.

మూడో ఉత్పత్తి దగ్గరికి వస్తే మళ్లీ పాత పద్ధతే, ఈసారి గెలుపుతో. 1977లో ఎన్నికల సంఘం ఓటు వేసే యంత్రం గురించి ఆలోచించి ఆ పని ఈసీఐఎల్‌కు అప్పగించింది. 1979లో నమూనా తయారైంది, 1980 ఆగస్టు 6న పార్టీల ప్రతినిధులకు చూపించారు. తర్వాత బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) కూడా చేరింది. 1982 మేలో కేరళలోని పరవూరులో యాభై పోలింగ్ కేంద్రాల్లో యంత్రం మీద ఓట్లు పడ్డాయి. చట్టంలో అలా లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ ఓట్లు చెల్లవంది. ఇలాంటి దెబ్బ తింటే ప్రైవేటు కంపెనీ ఆ ఉత్పత్తిని అక్కడే వదిలేసేది. ఇక్కడ గిరాకీ చట్టాన్నే మార్చగలిగినవాడు. 1988 డిసెంబర్‌లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. 1998లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీ శాసనసభ ఎన్నికల్లో కొన్ని స్థానాల్లో వాడారు. 2004లో దేశమంతా యంత్రం మీదే ఓటేసింది. కర్నూలు జిల్లా పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ఓటర్లు ఆ ఏప్రిల్‌లో శాసనసభకూ లోక్‌సభకూ కలిపి మీట నొక్కారు. నమూనా నుంచి ఇక్కడిదాకా పాతికేళ్లు.

ఈ వ్యాపారానికి డీలరు అక్కర్లేదు, ప్రకటన అక్కర్లేదు. ధర చర్చలు ఒకే టేబుల్ దగ్గర ముగుస్తాయి. యంత్రం కరెంటు లేని ఊళ్లో బ్యాటరీ మీద నడవాలి, దుమ్ముకు తట్టుకోవాలి, చదువురాని మనిషికి అర్థం కావాలి. రియాక్టర్ పరికరాల కోసం పెంచుకున్న నమ్మకం, 'సైట్' పల్లెల్లో ఎండలో నేర్చుకున్న పాఠం రెండూ ఇక్కడ పనికొచ్చాయి. చంద్రయాన్-1 కోసం బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఈసీఐఎల్ కట్టిన 32 మీటర్ల యాంటెన్నా కూడా ఈ కోవలోదే: కొనేది ఒక్కరు, చేసేది ఒక్కటి.

చిక్కు లేదని కాదు. సర్కారు ఆర్డరు వచ్చినప్పుడు వరదలా వస్తుంది, లేనప్పుడు ఎండిపోతుంది. ఓటుకు కాగితం రుజువు ఉండాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పాక, 2017 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఓటు చీటీ చూపే 16.15 లక్షల వీవీప్యాట్‌లకు రూ. 3,173 కోట్లు మంజూరు చేసింది. బెల్, ఈసీఐఎల్ రెండూ కలిసి 2019 ఎన్నికల లోపు వాటిని అందించాలి. అంటే దాదాపు రెండేళ్లలో లక్షల యంత్రాలు. మనుషులు, షిఫ్టులు, విడిభాగాల సరఫరాదారులు, పరీక్ష బల్లలు అన్నీ ఒక్కసారిగా పెంచాలి. తర్వాత అవే మనుషులకు, అవే బల్లలకు పని ఎక్కడినుంచి తేవాలన్నది వేరే తలనొప్పి. 2019 ఏప్రిల్ 11న పత్తికొండ, ఆదోని పోలింగ్ కేంద్రాల్లో మీట నొక్కినవాళ్లకు ఏడు సెకన్ల పాటు చీటీ కనిపించింది. కంపెనీలో మాత్రం ఆనాటికే తర్వాతి ఆర్డరు సంగతి లెక్కల్లోకి వచ్చి ఉండాలి.