నిదానము



సంస్కృతమున నిదానమనగా మూలకారణము. రోగకారణమును నిర్ణయించు శాస్త్రభాగమునకు వైద్యులు ఆ పేరే పెట్టిరి. తెలుగున నిదానమనగా తొందరపాటు లేకుండుట. ఈ రెండర్థములును ఒక్క మాటలో ఇముడుట మనకు మేలే యైనది. ఏలయన నిదానము లేనివానికి నిదానము చిక్కదు. ఉన్నట్టుండి ఆగిపోయి మరల వెలుగని ల్యాప్‌టాపును నిమిత్తముగా గైకొని, నేడీ మాటను చరిత్రమార్గమున విచారింతము.

గుంటూరు మిర్చి యార్డులోని గుమాస్తాకును, ఒంగోలున చదువుకొను విద్యార్థికిని ఇప్పుడు ల్యాప్‌టాపు నిత్యావసరము. అది పని నడుమ కన్నుమూసి, మీట నొక్కినను పలుకకున్నచో, "మదరుబోర్డు పోయినది, క్రొత్తది కొనవలె" నను తీర్పు తక్షణమే వెలువడుచున్నది. విచారణకు ముందే తీర్పు! పూర్వులు ఇట్లు చేయలేదు.

1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్ టూ అను గణనయంత్రము తప్పు పనిచేసెను. అందలి వారు ఒక్కొక్క భాగమును వెదకి, విద్యుత్తును కలుపుచు విడదీయుచు నుండు రిలే యొకదాని నడుమ చిక్కిన రెక్కల పురుగును కనుగొని, దానిని దినచర్య పుస్తకమున అంటించిరి. యంత్రదోషమును పురుగనుట ఇంజనీర్లకు అంతకు మునుపే వాడుక. ఆనాడు నిజమైన పురుగే దొరకెను. వారు యంత్రమును నిందింపలేదు, పురుగును వెదకిరి.

మరుసటి యేడు, 1948 డిసెంబరు 1న, విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసెను. విద్యుత్తు చేరని పల్లెలలో ఆనాటి రేడియో బ్యాటరీలతోనే పలికెడిది. లోపలి గాజు వాల్వుల తంతువులను వేడిచేయుటకు తక్కువ వోల్టుల బ్యాటరీ యొకటి, వాల్వులలో ప్రవాహమును నడపుటకు ఎక్కువ వోల్టులది మరియొకటి. ఏ యొకటి క్షీణించినను పెట్టె మూగవోవును. కావున పెట్టె పలుకకున్నచో మొదట అడుగవలసిన ప్రశ్న, "ఏ బ్యాటరీ తరిగినది?" అనునదియే. ఆహారమును పరీక్షించిన పిమ్మటనే అవయవములను శంకింపవలెను.

1981లో వెలువడిన ఆస్‌బోర్న్ వన్ అను కంప్యూటరును చేత మోసికొని పోవచ్చును. బరువు సుమారు 11 కిలోలు. దానికి గోడలోని విద్యుత్తే ఆధారము. 1991లో లిథియం అయాను బ్యాటరీ విపణికి వచ్చిన పిమ్మట ల్యాప్‌టాపు తేలికపడి గోడను విడిచి చాలసేపు మనగలిగెను. ఆ బ్యాటరీకి మూలపురుషులైన గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఇట్లు ల్యాప్‌టాపునకు రెండు జీవనాధారము లేర్పడినవి: గోడ, బ్యాటరీ. పరీక్షయు ఆ మార్గముననే సాగవలెను.

తార్కికులు దీనికి అన్వయవ్యతిరేకము లను సాధనమును చూపిరి. కారణమున్నచో కార్యముండుట అన్వయము; అది లేనిచో ఇది లేకుండుట వ్యతిరేకము. గోడలోని సాకెట్టున వేరొక దీపమును పెట్టి చూడుడు. వెలిగినచో సాకెట్టు నిర్దోషి. అదే వోల్టేజియు, తగిన శక్తియు గల మరియొక చార్జరును తగిలించి చూడుడు. పిమ్మట చార్జరును, పెన్‌డ్రైవు మొదలగు వానినన్నిటిని తీసివేసి, బ్యాటరీ ఊడునదైనచో దానిని గూడ తీసి, మీటను ముప్పది సెకనులు నొక్కి పట్టి, మరల చార్జరుతో నడపుడు. లోపల చిక్కుపడిన విద్యుత్తు వదలి యంత్రము మేలుకొనుట కలదు. పంకా తిరుగుచు తెర మాత్రము నల్లగా నున్నచో పోయినది ప్రాణము కాదు, చూపు కావచ్చును. టీవీకి కలిపి చూడుడు. ఒక్కమారు ఒక్కదానినే మార్చవలెను. రెండిటిని కలిపి మార్చినచో కారణమేదో తెలియదు. అన్నియు నిర్దోషులని తేలిన పిదప మిగిలినదే దోషి. దీనికే పరిశేషమని పేరు. అప్పుడే మదరుబోర్డును శంకించుట న్యాయము. బ్యాటరీ ఉబ్బియున్నచో మాత్రము ఏ పరీక్షయు వలదు. చార్జి చేయకుడు, పొడువకుడు, అగ్నిభయము కలదు.

మన సీమలో మరియొక కారణము కలదు. గత వేసవిలో నా ల్యాప్‌టాపు మిట్టమధ్యాహ్నము ఆగిపోయెను. అప్పుడే కరెంటు పోయి వచ్చుటచే దానినే కారణ మనుకొంటిని, అది కాకతాళీయము. ఒక దుకాణదారుడు మదరుబోర్డు పోయినదనెను. గంటసేపు చల్లారిన పిమ్మట అదియే వెలిగెను. వేరొకచోట విప్పించి చూడగా పంకా రెక్కలకు జిన్నింగు మిల్లు నుండి ఎగిరివచ్చిన ప్రత్తి నూగు పీచువలె చుట్టుకొనియున్నది. వేడి మితిమీరిన యంత్రము తన్ను తాను రక్షించుకొనుటకే ఆగినది!

ప్రత్తి పేరు వచ్చినది గనుక ఒక బాధాకరమైన సంగతి చెప్పక తప్పదు. 1980వ దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి చేలపై కాయతొలుచు పురుగునకని పైరిత్రాయిడ్ మందులు విచ్చలవిడిగా చల్లిరి. పైరుకు మేలుచేయు పురుగులు నశించి తెల్లదోమ విజృంభించెను. కారణమరయక మరల మందులే చల్లిరి, అప్పులు పెరిగెను. 1987-88లో పంట పోయి, ఋణభారమునకు తాళలేక కొందరు రైతులు ప్రాణములు తీసికొనిరి. తప్పు వారిది మాత్రమే కాదు. నిదానమునకు ముందే ఔషధమును అంటగట్టిన వారిది గూడ. యంత్రము పోయిన ధనము పోవును, అంతే. కాని అలవాటు ఒక్కటే. చిన్నదానియందు విచారణ నేర్వనివాడు పెద్దదానియందు నేర్చునా?

కడపట ఒక ఊరట. మీ వ్రాతలు డిస్కున నుండును. యంత్రమాగినను అవి నశింపవు. డిస్కు ఊడునదైనచో వేరొక యంత్రమునకు కలిపి వానిని పొందవచ్చును. కొన్ని క్రొత్త యంత్రములలో అది పలకకే అతుకబడియుండును. కావున ముందే రెండవ ప్రతి యుంచుకొనవలెను. తాటాకు చెదలుపట్టునని యెరిగి మన లేఖకులు ప్రతికి ప్రతి వ్రాసి యుంచుటచేతనే కదా పూర్వగ్రంథములు మనదాక వచ్చినవి!

కావున, శ్రోతలారా, మీ యంత్రము మూగవోయిననాడు దుకాణమునకు పరుగిడకుడు. కూర్చుండుడు. గోడనుండి మొదలిడుడు.