హెడ్‌ఫోను ముందా, రేడియో ముందా?

సీతమ్మధారలో ఒక ఇంట మంచి హెడ్‌ఫోనులు, వాటికి తగిన ఆంప్లిఫయరు ఉన్నవనుకొందాము. పాటలు హాయిగా వినవచ్చును. రేడియో కూడ కావలెనన్నచో ఒక ట్యూనరు కొని తగిలించుకొనవలెను. అనగా నేడు రేడియో హెడ్‌ఫోనుకు తోకవంటిది. నూరేండ్ల క్రిందట సంగతి వేరు. ఆనాడు అనేకులు రేడియోను తొలిసారి విన్నది హెడ్‌ఫోనులోనే. మరొక మార్గము వారికి లేదు.

కారణము తెలియవలెనన్న స్ఫటిక రేడియోను చూడవలెను. గెలీనా అనునది సీసపు ఖనిజము. దానితో విద్యుత్తరంగాలను పసిగట్టవచ్చునని జగదీశ చంద్రబోసు 1901లో పేటెంటుకు దరఖాస్తు చేయగా, 1904లో అమెరికాలో అది లభించినది. ఈ స్ఫటికముపై సన్నని తీగమొనను ఆనించినచో విద్యుత్తు ఒక దిక్కునకే సులభముగా పోవును. ఏరియల్ పట్టిన తరంగములో సగము ఇట్లు తెగిపోయి, దానిపై ఎక్కివచ్చిన ధ్వని హెడ్‌ఫోనులో వినబడును. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. వినిపించు శక్తి అంతయు ప్రసార కేంద్రము పంపినదే! అంత స్వల్పశక్తి లౌడుస్పీకరును కదల్పజాలదు. చెవికి మాత్రము చాలును. అందుకే ఆనాటి హెడ్‌ఫోనులలో వెంట్రుకవంటి తీగను వేల చుట్లు చుట్టి, నిరోధము 2,000 ఓములు, అంతకు మించియు ఉండునట్లు చేసెడివారు. నేటి 32 ఓముల హెడ్‌ఫోనును దానికి సూటిగా తగిలించిన ఏమియు వినబడదనవచ్చును. నడుమ ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉండవలెను.

ఈ చౌకపరికరము విశాఖకు అక్కరకు రాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లో ప్రసారాలు ఆరంభించినది. కాని మద్రాసు ఇక్కడికి సుమారు 600 కిలోమీటర్లు. 1948లో విజయవాడ కేంద్రము వచ్చినది. అదియు 300 కిలోమీటర్ల దూరమే. స్ఫటికానికి అంత దూరము అందదు. వాల్వుల రేడియో కొనగలిగినవారు కొందరే. విశాఖలో ఆకాశవాణి 1963లో వెలసినది. అప్పటికి ట్రాన్సిస్టరు వచ్చినది గనుక స్ఫటిక రేడియో విద్యార్థుల వేడుకగా మిగిలినది.

తరువాత ఎఫ్.ఎం. వచ్చి పాత చుట్టరికమును మరల కలిపినది. 100 మెగాహెర్ట్జుల తరంగము పొడవు 3 మీటర్లు. అందులో నాల్గవ వంతు 75 సెంటీమీటర్లు. హెడ్‌ఫోను తీగ ఇంచుమించు ఆ కొలతకు దగ్గరిది గనుక సెల్‌ఫోనులలో దానినే ఏరియల్‌గా వాడినారు. తీగలేని ఇయర్‌ఫోనులతో ఆ ఏరియల్ పోయినది. ఇది చిన్న నష్టము కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు నగరమంతటా కరెంటు, టెలిఫోను రెండును దెబ్బతిన్నవి. ఆపత్కాలములో పనికివచ్చునని, ఫోనులలో ఎఫ్.ఎం. సదుపాయము ఉంచుమని కేంద్ర ప్రభుత్వము 2023లో తయారీదారులకు సూచించినది.

కనుక ట్యూనరు కొనువారు బ్యాటరీతో నడచునది చూచుకొనుట మేలు. ఎఫ్.ఎం. తరంగాలకు కొండలు అడ్డు. విశాఖలో కొండలకు కొదువ లేదు. ఏరియల్‌ను కిటికీ ప్రక్కన, వీలైనంత ఎత్తున, ఎల్.ఇ.డి. దీపాలకు, చార్జర్లకు ఎడముగా ఉంచవలెను.