తాడేపల్లిగూడెంలో ఎన్ని అక్షరాలు?

మా ఊరి పేరును ఏ బడిపిల్లవాణ్ణి లెక్కపెట్టమన్నా తా-డే-ప-ల్లి-గూ-డెం అని వేళ్ళు మడిచి 6 అక్షరాలంటాడు. అదే పేరును జావాస్క్రిప్టుకిచ్చి పొడవెంతని అడిగితే 14 అంటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైలుగా భద్రపరిస్తే 42 బైట్లవుతుంది. మూడు లెక్కలూ సరైనవే. మొదటిది కంటికి కనిపించే లెక్క, రెండవది యూనికోడు లెక్క, మూడవది డిస్కు లెక్క. బ్రౌజరులో తెలుగు చదవబోయి, వ్రాయబోయి మనం పడిన పాట్లలో అధికభాగం ఈ మూడు లెక్కలకూ మధ్యనున్న ఎడంలో పుట్టినవే. ఆ పాట్ల చరిత్రను ఒకచోట వ్రాసి ఉంచడం అవసరమని ఈ ప్రయత్నం.

ముందుగా ఆ 14 ఎలా వచ్చిందో చూద్దాం. త, దీర్ఘం, డ, ఏత్వం, ప, ల, పొల్లు, ల, గుడి, గ, కొమ్ముదీర్ఘం, డ, ఎత్వం, సున్న. వీటిలో ఒక్కొక్కదానికి యూనికోడు ఒక్కొక్క సంఖ్యనిచ్చింది: తకారానికి 3108, దీర్ఘానికి 3134, పొల్లుకు 3149. లవత్తుకు మాత్రం ప్రత్యేక సంఖ్య లేదు. ల, పొల్లు, మళ్ళీ ల అన్న వరుసను చూసి రెండవ లకారాన్ని వత్తుగా మార్చి చూపవలసిన బాధ్యత తెరమీద అక్షరాలు పేర్చే సాఫ్టువేరుది. విండోసులో ఆ పని చేసేదాన్ని యూనిస్క్రైబ్ అన్నారు, లినక్సులో పాంగో అన్నారు. తెలుగుకు యూనికోడులో స్థానం 1991లోనే దొరికినా, తెలుగును పేర్చగల విండోసు, గౌతమి అనే ఖతితో సహా, 2001లో ఎక్స్‌పీ రూపంలో గాని రాలేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నుండి చీలే పాయ పేరు ఆ ఖతికి పెట్టడం మా జిల్లాల వారికి ముచ్చటగానే తోచింది.

ఆ పదేళ్ళ ఖాళీలో మన పత్రికలు ఊరకే కూర్చోలేదు. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ 4, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 రెండూ పేజీతోపాటు ఖతిని కూడా పంపే సౌకర్యం కల్పించాయి, కాని చెరొక పద్ధతిలో. కనుక పేజీ మొదట్లో ఒక చిన్న స్క్రిప్టు కూర్చుని, వచ్చినది ఏ బ్రౌజరో అడిగి, దానికి తగిన ఖతిని పంపేది. ఆ స్క్రిప్టుకు తెలియని బ్రౌజరుతో వెళితే తెలుగుకు బదులు చెత్త కనిపించేది. జావాస్క్రిప్టును నెట్‌స్కేపులో బ్రెండన్ ఐక్ 1995లో రూపొందించారు, మైక్రోసాఫ్టు తన రూపాన్ని 1996లో తెచ్చింది, 1997లో దానికొక ప్రమాణం ఏర్పడింది. భాషకు ప్రమాణం కుదిరినా, బ్రౌజర్ల ప్రవర్తనకు చాలాకాలం కుదరలేదు.

ఈ డైనమిక్ ఖతుల పేజీలు చూడటానికి ముచ్చటగా ఉండేవి. లోపల ఉన్నది మాత్రం తెలుగు కాదు. ఇంగ్లీషు, ఐరోపా అక్షరాల సంఖ్యల స్థానంలో తలకట్లు, గుడులు, వత్తుల బొమ్మలను కూర్చిన ఏర్పాటది. ఏ పత్రిక కూర్పు దానిదే. ఒక పత్రికలోని కొల్లేరు మరొక పత్రిక ఖతిలో కొల్లేరు కాదు. వెతికితే దొరకదు. అదీగాక ఎక్స్‌ప్లోరర్ ఖతులను ఫలానా సైటుకు మాత్రమే పనిచేసేటట్లు ముడివేసే వీలుండేది. అందువల్ల పేజీని ఫ్లాపీలో దాచుకొని ఇంటికి తెచ్చుకున్నవారికి అక్షరాల బదులు గీతలూ గుర్తులూ మిగిలేవి.

తరువాత యూనికోడు వచ్చింది. 2000 దశకం తొలినాళ్ళలో తాడేపల్లిగూడెం, ఏలూరు వంటి ఊళ్ళలో చాలామందికి అంతర్జాలమంటే నెట్ సెంటరే. అక్కడి ఎక్స్‌పీ యంత్రాలలో సంక్లిష్ట లిపుల ఫైళ్ళు ముందుగా చేర్చి ఉండేవి కావు. కంట్రోల్ ప్యానెల్‌లోని భాషల విభాగంలో ఒక గడిలో టిక్కు పెట్టాలి, అది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది, పైగా యంత్రం మీద అధికారి హోదా కావాలి. ఆ మూడూ కుదరనిచోట మన ఊరి పేరు వత్తు విడిపోయి, లకారం పక్కన లకారంగా పడి ఉండేది. ఇదేం తెలుగని పాఠకుడు పేజీని మూసేసేవాడు. ఫైలులో మాత్రం ఆ 14 సంఖ్యలూ ఒక్కటీ తప్పకుండా ఉండేవి.

ఆనాటి రోగలక్షణాలు నాలుగు. అక్షరానికొక డబ్బా కనిపిస్తే ఖతి లేదని అర్థం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు ఉచితంగా అందించిన పోతన, వేమన ఖతులు దీనికి మందు. వత్తులు, గుణింతపు గుర్తులు విడిపోతే పేర్చే సాఫ్టువేరు లేదు. ఒక్కొక్క అక్షరానికి మూడేసి వింత గుర్తులు వచ్చి, మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే అయితే బ్రౌజరు ఆ 42 బైట్లను వేరే సంకేతంగా చదువుతున్నది. వ్యూ మెనూలో యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరి. ఇక వరుసగా ప్రశ్నార్థకాలే ఉంటే, ఎవరో నోట్‌ప్యాడులో ఆన్సీ పద్ధతిన భద్రపరిచారన్నమాట. మొదటి మూడు తెరకు వచ్చిన జబ్బులు, నయమవుతాయి. నాలుగవది మూలానికే వచ్చిన మరణం, ఏ మందూ పనిచేయదు.

ఇక వ్రాయడం సంగతి. ఇంగ్లీషు మీటలతో తెలుగు కొట్టే ఆర్టీఎస్ పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ గార్ల కృషితో పుట్టింది. వెన్న నాగార్జున గారు ఫైర్‌ఫాక్సుకు పద్మ అనే పొడిగింతను వ్రాశారు. పత్రికల ఖతుల పట్టికలను అందులో పొందుపరచి, చదువుతున్న పేజీని అక్కడికక్కడే యూనికోడులోకి మార్చి చూపించారు. ఆ పద్మ ఆధారంగా వీవెన్ గారు 2006లో లేఖిని తయారుచేశారు. పద్మ, లేఖిని రెండూ జావాస్క్రిప్టే. మన ఊరి పేరుకు ఆర్టీఎస్‌లో కూడా మీటలు 14, వాటిలో పెద్దబడి అక్షరాలు 6. ఇంగ్లీషు పటంలో ఉన్న వర్ణక్రమాన్ని చిన్నబడిలో కొడితే వచ్చేది తదెపల్లిగుదెమ్. క్యాప్స్‌లాక్ వెలిగి ఉంటే త కాస్తా ట అవుతుంది, ల కాస్తా ళ అవుతుంది. స్క్రిప్టు చెడిపోయిందన్న ఫిర్యాదులలో కొన్నింటికి ఆ ఒక్క మీట నొక్కడమే చికిత్స.

నిజంగా స్క్రిప్టుకు వచ్చే జబ్బులు వేరు. ఎక్స్‌ప్లోరర్ కింది ఎడమ మూలన పసుపుపచ్చ త్రికోణం వెలుగుతుంది. రెండుసార్లు నొక్కితే పంక్తి సంఖ్య చెబుతుంది, ఏ ఫైలులోని పంక్తో చెప్పదు. అక్షరాల పట్టిక వ్రాసినవారు చివరి అంశం తరువాత ఒక కామా మిగిల్చితే ఫైర్‌ఫాక్సు క్షమించేది. ఎక్స్‌ప్లోరర్ 6, 7 క్షమించక ఆ స్క్రిప్టును పూర్తిగా ఆపేసేవి. కర్సరు ఎక్కడుందో అడగడానికి ఇద్దరికీ రెండు వేర్వేరు పద్ధతులు. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాకు తరువాత, డిస్కులో దాచుకున్న పేజీలోని స్క్రిప్టును ఎక్స్‌ప్లోరర్ ఆపివేసి పైన ఒక పసుపు పట్టీ చూపేది. పట్టీని నొక్కి అనుమతిస్తేనే పేజీ తెలుగు వ్రాసేది. నెట్టు లేనప్పుడు ఇంట్లో వ్రాసుకుందామనుకున్నవారికి ఇదొక కొత్త చిక్కు. 2006లో జో హెవిట్ ఫైర్‌బగ్ తెచ్చాక గాని తప్పెక్కడుందో నిదానంగా చూసే వీలు కలగలేదు.

ఫైర్‌ఫాక్సు మాత్రం తక్కువ తినిందా? పేరాకు రెండు అంచులూ సమంగా సర్దమంటే ఫైర్‌ఫాక్సు 2 వరకు అక్షరం అక్షరాన్నీ విడదీసేది. 2008 జూన్‌లో మూడవ రూపం వచ్చి ఆ జబ్బును నయంచేసింది. అప్పటికే వ్రాసి ఉన్న పేజీలలో ఒక్క అక్షరం మార్చకుండానే అవి మరునాడు చక్కగా కనిపించాయి.

ఈ చరిత్ర మొత్తంలో నాకు ముఖ్యంగా తోచేది ఈ సంగతే. ఆనాడు అందంగా కనిపించిన పేజీలు లోపల తప్పు, విరిగి కనిపించిన పేజీలు లోపల ఒప్పు. తెరను నమ్మినవారు ఖతితోపాటే పోయారు. మూలాన్ని నమ్మినవారు ఓర్చుకొని నిలిచారు. పసుపు త్రికోణమూ, పసుపు పట్టీ చూపిన ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్టు 2022 జూన్‌లో మంగళం పాడింది. 2009 అక్టోబరులో జియోసిటీస్ మూతపడింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57 పాతకాలపు పొడిగింతలను తొలగించడంతో పద్మ కూడా ఆగిపోయింది. పద్మ చదివిన ఖతుల పేజీలు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే, నేటి బ్రౌజరు వాటిని చదవలేదు. ఆనాడు వత్తులు విడిపోయిన యూనికోడు పేజీ నేడు ఏ ఫోనులోనైనా నిక్షేపంగా తెరుచుకుంటుంది.

లెక్క మాట కూడా తేల్చాలి. వ్రాతను కంటికి కనిపించే ముక్కలుగా లెక్కించే యూనికోడు నియమం ప్రకారం మా ఊరి పేరు చాలాకాలం 7 ముక్కలు. ల్, లి విడివిడిగా లెక్కకొచ్చేవి. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడు 15.1 తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా ఒప్పుకొంది. ఆ నియమాన్ని అమలుచేసే బ్రౌజరులో జావాస్క్రిప్టును ఆ పద్ధతిలో అడిగితే నేడు 6 అంటుంది. బడిపిల్లవాడి లెక్కకు యంత్రం చేరడానికి 1991 నుండి 32 ఏళ్ళు పట్టింది.

మిత్రులకు ఒక మనవి. అటకమీది సీడీలలో, పాత హార్డుడిస్కులలో 2005కు ముందటి తెలుగు ఫైళ్ళుంటే, వాటితోపాటు వాటి ఖతి ఫైలును కూడా వెతికి ఒకే సంచికలో దాచండి. ఖతి ఉంటే ఏ గుర్తుకు ఏ అక్షరమో పట్టిక వేయవచ్చు, పట్టిక ఉంటే యూనికోడులోకి మార్చవచ్చు. మార్చిన ప్రతిని యూటీఎఫ్-8లోనే భద్రపరచి, మూలప్రతిని చెరపకుండా ఉంచండి. ముందు ఏదో ఒక చిన్న పేరుతో పరీక్షించి చూడండి. వత్తూ, దీర్ఘమూ, సున్నా అన్నీ ఉన్న పేరు కావాలంటే మా ఊరిది వాడుకోవచ్చు.