సేవయు నుద్యోగమును: ఆంధ్ర మహిళాసభ నుండి అంగన్‌వాడీ వఱకు

సంస్కృతమున "ఉద్యోగము" అనగా ప్రయత్నము. భారతమునందలి ఉద్యోగపర్వమున ఆ పదమునకు అదియే అర్థము. తెలుగువారు దానిని జీతముగల కొలువునకు పేరుగా వాడుకొనిరి. "సేవ" యను పదము మాత్రము వేఱొక దారి పట్టినది. సేవకుడు జీతము గొనువాడే యైనను, సేవ యనగానే ప్రతిఫలము కోరని పని మనకు స్ఫురించును. చదువుకొని పనిలో చేరిన తెలుగు స్త్రీల చరిత్ర చాలవఱకు ఈ రెండు పదముల నడుమ నడచినదని చూపుట మా యుద్దేశము.

1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. అప్పటికే వారు ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెఱసాల కేగి వచ్చిరి. బాల్యవివాహము చేతనో వైధవ్యము చేతనో చదువు మానిన స్త్రీ, యుక్తవయస్సు వచ్చిన పిదప చిన్నపిల్లలతో కలిసి బడిలో కూర్చుండజాలదు. కావున కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు ఇట్టివారిని సిద్ధపఱచు తరగతులు నడపబడెను. ఆ యోగ్యతాపత్రము అలంకారము కాదు. ఉపాధ్యాయినీ శిక్షణకు గాని, నర్సు శిక్షణకు గాని పోదలచిన స్త్రీకి అది తొలిమెట్టు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 16వ అధికరణమున, ప్రభుత్వోద్యోగముల విషయమున స్త్రీపురుష వివక్ష చూపరాదని శాసించినది. దుర్గాబాయిగారు రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలు. అయినను హక్కు వేఱు, అర్హత వేఱు. పరీక్ష నెగ్గని స్త్రీకి ఆ అధికరణము వలన ఒనగూడు ఫలము స్వల్పము. 1953 ఆగష్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి దుర్గాబాయిగారు తొలి అధ్యక్షురాలైరి. మండలి పల్లెలలో బాలవాడులు, ప్రసూతి సహాయము, చేతిపనులు, వయోజన విద్య గల కేంద్రములను నెలకొల్పినది. అచ్చట పనిచేయుటకు చదివిన స్త్రీలు కావలసి యుండిరి. 1958లో మండలి సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించెను. వయస్సు మీఱిన స్త్రీలను స్వల్పకాలమున పరీక్షకు సిద్ధపఱచి, ఉపాధ్యాయినులుగను, నర్సులుగను, గ్రామసేవికలుగను పనికి అర్హులను జేయుట దాని ధ్యేయము. మదరాసులో ఒక సభ అనుసరించిన మార్గమే ఈ విధముగా దేశవ్యాప్త పథకమైనది.

ఇచ్చట "గ్రామసేవిక" యను పేరు పరిశీలింపదగినది. ఆ పేరు వలన మేలు కలిగినది. ఆడుది జీతమునకు పోవుట ఇంటికి తలవంపని యెంచిన కాలమున, సేవకు పోవుచున్నదను మాట ఆమెను గడప దాటించినది. కీడును ఆ పేరు వలననే కలిగినదని మేము భావించుచున్నాము. సేవ చేయువారు జీతము చాలదనుట అమర్యాదగా తోచును; సెలవు, పింఛను అడుగుట మఱింత అమర్యాద. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము 12 వారముల వేతనముతో కూడిన సెలవును కల్పించినది. కాని మొదట అది ప్రధానముగ కర్మాగారములకు, గనులకు, తోటలకు వర్తించెను. కార్మికురాలని పేరు పొందిన స్త్రీకి చట్టము తోడ్పడినది. సేవికయని పేరు పొందినయామె వెలుపల నిలిచినది.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ప్రారంభమైనది. దాని పేరునను సేవ కలదు. పిల్లలకు ఆహారము పెట్టి, అక్షరములు నేర్పి, గర్భిణుల యోగక్షేమములు కనుగొను అంగన్‌వాడీ కార్యకర్త పొందునది జీతము కాదు, "గౌరవవేతనము". 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు, 1972 నాటి గ్రాట్యుటీ చట్టము అంగన్‌వాడీ కార్యకర్తలకును, సహాయకురాండ్రకును వర్తించునని తీర్పు చెప్పినది. ఆ పథకము ప్రారంభమైన నాటికి ఇరువదేండ్ల వయస్సున పనిలో చేరిన స్త్రీ, ఆ తీర్పు నాటికి అఱువదియాఱేండ్లు దాటిన వృద్ధురాలు.

ఈ యాలస్యమును దుర్గాబాయిగారి కృషికి అంటగట్టుట న్యాయము కాదు. చదువు లేక పరాధీనయైన స్త్రీకి పని చూపుట ఆనాటి తొలి యక్కఱ. దానిని వారు తీర్చిరి. ఆ పనికి తగిన వేతనమును, వార్ధక్యమున ఆధారమును కల్పించు బాధ్యత తరువాతి ప్రభుత్వములది. సంక్షేమ చరిత్రను వ్రాయువారు ఎన్ని కేంద్రములు తెఱవబడెనో లెక్కించిన చాలదు. అందు పనిచేసిన స్త్రీని ఏ పేరున పిలిచిరో, ఆ పేరు ఆమెకు ఏమి ఇచ్చి ఏమి ఇవ్వకపోయెనో కూడ విచారింపవలెను.